చాంద్ బాషా పేరున ఒక సీటు

"విమానమైతే గంటలో విశాఖలో దిగిపోతామండీ టీచర్ గారూ. రైలంటే సగం రోజు పోతుంది," అన్నాడు జయకృష్ణ, మా వీధి గదిలో కుర్చీ అంచున కూర్చుని.

"రైలైతేనే వస్తాను. ఈ తివాచీని ఏ యంత్రంలోనూ పెట్టనివ్వను," అన్నాను.

యంత్రం అన్న మాటకి అతని కళ్ళు ఒకసారి కిందికి వాలాయి. వెంటనే నవ్వాడు.

"మీ ఇష్టమండీ. రైల్లో ఆ బాధలేవీ ఉండవు లెండి. బూట్లు విప్పక్కర్లేదు, బెల్టు తీయక్కర్లేదు. నన్నడిగితే అదే హాయి."

"టికెట్లు నేను తీస్తాను."

తీశాను. కిటికీ పక్క సీటు నా పేరున, దాని పక్క సీటు మా ఆయన పేరున. మా ఆయన చాంద్ బాషా పోయి అప్పటికి ఏడాది కావస్తోంది.

ఆయన తివాచీలు నేసేవారు. మాది ఏలూరు, తంగెళ్ళమూడి. వాళ్ళ నాన్నదీ తాతదీ అదే పని. నేను మునిసిపల్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. జయకృష్ణకి బజారులో కొట్టుంది. మా పేటలో నేసిన తివాచీలు కొని బయటి ఊళ్ళకు అమ్ముతాడు.

నేసేవాళ్ళకి మగ్గం తర్వాత అంత ముఖ్యమైనది పంజా. ఇనప పళ్ళున్న బరువైన దువ్వెన అది. ముడులు వేసిన ప్రతి వరసనీ దాంతో కొట్టి బిగిస్తారు. కొట్టే చేతిని బట్టి పిడి అరుగుతుంది. అందుకే మనిషి ఉండగా అతని పంజా ఇంకొకరు ముట్టుకోరు. ఒక పంజాతో మొదలైన తివాచీ అదే పంజాతో పూర్తి కావాలని మా అత్తవారింట్లో పట్టింపు. నేసే మనిషి మధ్యలో పోతే, ఇంట్లో ఇంకొకరు ఆ పంజానే అందుకుంటారు. మా ఆయనది వాళ్ళ తాత వాడిన పంజా. ఊరు వెళితే చేతిసంచీలో ఉండేది. రైల్లో దాన్ని తల కింద పెట్టుకుని పడుకునేవారు.

పోయిన చలికాలం ఉత్తరాదిన ఒక పెద్ద ఊళ్ళో ప్రదర్శన జరిగింది. జనం ముందు మగ్గం మీద కూర్చుని నేసి చూపించాలి. మా ఆయన, జయకృష్ణ ఇద్దరూ రైల్లోనే వెళ్ళారు. అక్కడ మా ఆయన పనికి మంచి పేరొచ్చింది. ఆ సంతోషంలో జయకృష్ణ, తిరిగి రావడం విమానంలో అన్నాడు. పంజాని సామాను పెట్టెలో వేసి పంపడానికి మా ఆయనకి మనసు రాలేదు. చేతిసంచీలో ఉంచుకోవచ్చా అని అడిగారు.

"ఉంచుకోండి బాషా గారూ, నేనున్నానుగా," అన్నాడట.

యంత్రంలోంచి బయటికొచ్చిన సంచీని సెక్యూరిటీ మనిషి పక్కకి లాగాడు. ఇనప పళ్ళు చూసి ఇదేమిటన్నాడు. మా ఆయన చేతులతో నేసి చూపిస్తూ చెప్పారు. మీతో ఎవరైనా ఉన్నారా అంటే, అవతల నిలబడి బెల్టు పెట్టుకుంటున్న జయకృష్ణని చూపించారు. అతన్ని పిలిచి అడిగారు.

ఈయనెవరో నాకు తెలీదు అన్నాడు జయకృష్ణ. హిందీలో అన్నాడు. మా ఆయనకి అర్థమైంది. తర్వాత అతను బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సెక్యూరిటీ మనిషి మీద నాకు కోపం లేదు. అతనిది చూసే పని, చూశాడు. ఒక గదిలో కూర్చోబెట్టి, వివరాలన్నీ సరిచూసుకుని వదిలేసరికి విమానం వెళ్ళిపోయింది. పంజా తిరిగి ఇవ్వలేదు. మా ఆయన స్టేషన్‌కి వెళ్ళి, జనరల్ బోగీలో తలుపు పక్కన, ఆ చలిగాలిలో కూర్చుని ఇల్లు చేరారు. వచ్చేటప్పటికే జ్వరం. అది ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఆ చలికాలం దాటలేదు. జరిగింది నాకు ఒక్కసారే చెప్పారు. "నేనెవరో తెలీదన్నాడు సఫియా," అని గోడవైపు తిరిగి పడుకున్నారు.

పరామర్శకి జయకృష్ణ వచ్చాడు. వీధిలో కుర్చీలు వేసుకుని కూర్చున్న వాళ్ళందరి ముందు, సెక్యూరిటీ వాళ్ళతో ఎలా పోట్లాడాడో చెప్పాడు. నేను తెర వెనక ఉండి విన్నాను. భర్త పోయినామె గడప దాటకూడని రోజులన్నీ ఆ గొంతునే వింటూ గడిపాను.

మగ్గం మీద సగంలో ఆగిన తివాచీని మా ఆడపడుచు గుల్నాజ్ పూర్తి చేసింది, తన పంజాతో. పంజా మారిన చోట కంటికి తేడా తెలియదు. బొటనవేలితో రాస్తే తెలుస్తుంది. అక్కడి నుంచి నేత కొంచెం వదులు. గుల్నాజ్ ఆ చోటు నాకు చూపించి, "మన్నించు భాభీ," అంది.

విశాఖలో ఎవరో పెద్దమనిషి చాంద్ బాషా ఆఖరి తివాచీ కావాలన్నారని జయకృష్ణ మా ఇంటి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. నెలల తరబడి వద్దన్నాను. ఒకరోజు సరే అన్నాను.

నాకు కావలసింది ఒకటే. రైల్లో టీటీ ఆ పేరు పైకి చదవాలి. చాంద్ బాషా ఎవరని పదిమందిలో అడగాలి. అప్పుడు జయకృష్ణ నోరు తెరిచి ఏదో ఒకటి చెప్పాలి.

పొద్దున్న రైలు. ఏలూరు స్టేషన్‌లో మమ్మల్ని ఎవరూ ఆపలేదు, ఏమీ విప్పి చూడలేదు. తివాచీ చుట్టని సీటు కిందికి తోసి కూర్చున్నాను. అతను నా పక్కన కూర్చున్నాడు. ఎదురుగా మోకాలికి పట్టీ కట్టుకున్న పెద్దాయన. పేరు వరదానం, తుని వెళుతున్నానని తనే చెప్పుకున్నారు. రైలు దెందులూరు దాటేసరికి ఇద్దరూ కబుర్లలో పడ్డారు.

"మా అల్లుడు ఒకసారి విమానం ఎక్కించాడండీ," అన్నారు వరదానం. "అరటిపండు ఒలిచినట్టు ఒలిచారు. చెప్పులు, బెల్టు, వాచీ అన్నీ ట్రేలో. తీరా ఒంటి మీద తిప్పే ఆ కర్ర మోకాలి దగ్గర పెట్టగానే కుయ్ మంది. లోపల రాడ్డుందయ్యా, అది ట్రేలో పెట్టడానికి రాదు అన్నాను. మా ఆవిడ ఒకటే నవ్వు."

జయకృష్ణ కూడా నవ్వాడు. "అలవాటు లేకపోతే అంతేనండీ."

"అలవాటు నాకొద్దు బాబూ. అప్పట్నుంచీ రైలే. ఇక్కడైతే మనల్ని ఎవడడుగుతాడు? చెప్పులు మనవి, సంచీ మనది, పచ్చడి సీసా కూడా మనదే."

"అదీ నిజమేలెండి. నేనూ ఒక ఘోరం చూశాను." జయకృష్ణ కాలు మీద కాలు వేసుకున్నాడు. "మాకు తెలిసిన నేతగాడొకాయన. చాంద్ బాషా అని. ఎంత చెప్పినా వినకుండా పంజా చేతిసంచీలో పెట్టుకున్నాడు."

"పంజా అంటే?"

"నేతకి వాడే ఇనప దువ్వెనలెండి. పట్టేసుకున్నారు. అక్కడే నిలబెట్టి నానా ప్రశ్నలూ వేశారు."

ఆ నేతగాడి భార్య పక్కనే కూర్చుందని జయకృష్ణ చెప్పలేదు. భీమడోలు దాటింది. కుడివైపు కిటికీలోంచి కొల్లేటి వైపు చెరువులు కనిపిస్తున్నాయి. గట్ల మీద పక్షులు రెక్కలు విప్పి ఎండకి నిలబడ్డాయి. వాటినే చూస్తూ అడిగాను.

"అప్పుడు మీరేమన్నారండీ?"

అతను గొంతు సవరించుకున్నాడు. ఎవరికి చెబుతున్నాడో ఆ క్షణంలో గుర్తుండే ఉంటుంది. అయినా ఆగలేదు.

"ఏమంటానండీ, నా మనిషండీ అన్నాను! ఆయన్ని వదిలితేగానీ నేను కదలనన్నాను. వింటేనా వాళ్ళు? నన్ను బలవంతంగా లోపలికి తోసేశారు."

"అయ్యో. తర్వాత ఆయన?" అన్నారు వరదానం.

"పోయాడండీ పాపం. దిగులుతోనే పోయాడు."

నా చేతులు ఒడిలో ఉన్నాయి. వాటిని అక్కడే ఉంచుకున్నాను.

పూళ్ళ దాటాక టీటీ వచ్చాడు. చేతిలో ట్యాబు చూసుకుంటూ నా పేరు చదివాడు. ఆధార్ చూపించాను. పక్కకి తిరిగాడు.

"చాంద్ బాషా గారు?"

జయకృష్ణ నావైపు చూశాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. "పేరు తప్పు పడినట్టుంది టీచర్ గారూ, నే చూసుకుంటాలెండి," అని గుసగుసగా అని, టీటీతో పైకి అన్నాడు.

"ఆఁ, నేనేనండీ."

ఇది నేను అనుకోలేదు. తెలీదంటాడనుకున్నాను, తడబడతాడనుకున్నాను. ఆ పేరు తీసి తనకే తగిలించుకుంటాడని అనుకోలేదు.

"అదేంటండీ!" అన్నారు వరదానం. "చాంద్ బాషా గారు పోయారని ఇందాక మీరే చెప్పారు గదా!"

టీటీ ట్యాబు కిందికి దించాడు. "పోయినాయన పేరు మీద ప్రయాణమా? మీ ఆధార్ ఇవ్వండి."

"అది... పొరపాటండీ. నా పేరు జయకృష్ణ. ఏలూరులో కొట్టుంది. టికెట్ ఈ టీచర్ గారే తీశారు, అడగండి. మేమిద్దరం కలిసే వచ్చాం."

టీటీ నావైపు తిరిగాడు. "అమ్మా, ఈయన మీ మనిషేనా?"

అబద్ధం ఆడకూడదని నా ఉద్యోగమంతా పిల్లలకు చెబుతూ వచ్చాను. ఆ సంగతి నాకు గుర్తుంది. జయకృష్ణ ముఖంలోకి నిండుగా చూసి, ప్రతి మాటా విడివిడిగా పలికాను.

"ఈయనెవరో నాకు తెలీదండీ."

ఆ మాట ఎక్కడిదో అతనికి తెలిసింది. ముఖంలోంచి రంగు దిగిపోవడం చూశాను. దానికోసమే ఏడాదిగా కాచుకుని ఉన్నాను.

"టీచర్ గారూ! ఇదేం బాగుందండీ! ఆ సీటు కింద ఉన్న తివాచీ అమ్మించేది నేనేనండీ!"

"ఆ తివాచీ ఎవరిదమ్మా?" అన్నాడు టీటీ.

"మా ఆయన నేసింది."

"ఫైన్ ఎంతైనా కడతానండీ, ఇక్కడితో వదిలేయండి," అన్నాడు జయకృష్ణ.

"ఫైన్ సంగతి తర్వాత. ఇందాక చాంద్ బాషా అన్నారు, ఇప్పుడు జయకృష్ణ అంటున్నారు. ఇంకో పేరు గుర్తొచ్చేలోపు గూడెంలో దిగండి. మీరెవరో పోలీసులు తేలుస్తారు." టీటీ ఫోన్ తీశాడు.

తాడేపల్లిగూడెం ప్లాట్‌ఫారం మీద ఇద్దరు రైల్వే పోలీసులు నిలబడి ఉన్నారు. జయకృష్ణని దింపి, ఉల్లిపాయల బస్తాల పక్కన ఉన్న సిమెంటు బెంచీ దగ్గరికి తీసుకెళ్ళారు. బ్యాగు అక్కడే విప్పించారు. చొక్కాలు, జుట్టుకి వేసుకునే రంగు పొట్లం, మాత్రలు అన్నీ బెంచీ మీదికి వచ్చాయి. బస్తాలు మోసేవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. అతను వంగి బూట్లు విప్పాడు. వాటిని బోర్లించి దులపమన్నారు, దులిపాడు. ఒక కానిస్టేబుల్ నడుము వైపు వేలు చూపించాడు. జయకృష్ణ బెల్టు తీసి ఇచ్చి, జారుతున్న ప్యాంటుని ఒక చేత్తో పట్టుకుని, నా కిటికీ వైపు చూశాడు.

నేను చూపు తిప్పుకోలేదు. నాకు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని ముందు భయపడ్డాను. కలగలేదు.

వరదానం కాసేపు తన మోకాలు నిమురుకున్నారు. తర్వాత మెల్లగా అడిగారు.

"చాంద్ బాషా గారంటే..."

"మా ఆయన."

ఆయన తల ఊపారు. ఇంకేమీ అడగరనుకున్నాను.

"ఆ పంజా మళ్ళీ దొరికిందాండీ?"

"లేదండీ."

ఫోన్ మోగింది. తెర మీద జయకృష్ణ పేరు. బోర్లా పెట్టాను. రాజమండ్రి నుంచి ఏలూరుకి తిరుగు టికెట్ ముందే తీసి ఉంచుకున్నాను, అది ఒక్కటే. ఈ తివాచీని అమ్మాలని నేనెప్పుడూ అనుకోలేదు. వంగి చుట్టని పైకి తీసి ఒడిలో పెట్టుకున్నాను. అంచు మడత విప్పి, బొటనవేలితో వెతికాను. బిగువు ఆగి వదులు మొదలయ్యే గీత దొరికింది. వేలు అక్కడే ఆనించి ఉంచాను.

రైలు కదలబోతుండగా ఒకామె ఆయాసపడుతూ ఎక్కింది. చంకలో సంచీ, చేతిలో చిన్న ఉల్లిపాయల మూట. బోగీ అంతా ఒకసారి చూసి, నా పక్కన ఖాళీగా ఉన్న సీటు దగ్గర ఆగింది.

"ఇక్కడెవరైనా వస్తారాండీ?"

ఆ సీటు ఆయన పేరున ఉంది. విశాఖ దాకా ఉంది.

"రారండీ," అన్నాను. ఆ మాట అంతవరకు నేను ఎవరితోనూ అనలేదు. తివాచీని నావైపు జరుపుకున్నాను. "కూర్చోండి."