అడవి దాటిన రోజు

పాత అట్ట మీద తడిగుడ్డ పరిచి, కింద జిగురు నానేలోపు మేస్త్రి సూదికి దారం ఎక్కిస్తున్నాడు. దారాన్ని మైనం ముద్ద మీదుగా లాగి, కొసను పెదాల మధ్య తడిపి, సూదిని కిటికీ వెలుతురుకేసి ఎత్తి పట్టుకున్నాడు. రెండుసార్లు తప్పి, ఆ తర్వాత ఎక్కింది. ఆయన చూపుడువేలి మీద దారం రాసుకుని రాసుకుని ఒక గాడి పడింది. ఇప్పుడు ఏ దారమైనా నేరుగా వచ్చి ఆ గాడిలో కూర్చుంటుంది, పాత కుర్చీలో ఇంటి పెద్ద కూర్చున్నట్టు.

గ్రంథాలయం వెనకాల, మెట్ల కింద ఉన్న గది అది. చిరిగిన పుస్తకాలు వస్తాయి, కుట్టించుకుని పైకి వెళ్ళిపోతాయి. పైన చదివేది ఎవరో ఆయనకు తెలియదు. కింద కుట్టేది ఎవరో వాళ్ళకూ తెలియదు. పెళ్ళికి ముందు నుంచీ ఆయన పని ఇదే.

ఇవాళ తడిగుడ్డ కింద ఉన్నది మాత్రం ఆయన సొంత పుస్తకం. ఇటుకంత లావు. ఎవరూ పూర్తిగా చదవడం లేదని ఒకప్పుడు గ్రంథాలయం వాళ్ళు తీసేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడు. పొద్దున సంచిలో పెడుతుంటే కుట్టు పుటుక్కున తెగింది.

"మళ్ళీ ఆ అడవేనా బావా?" అన్నాడు కత్తిబావ. కాగితాల అంచులు కోసే యంత్రం అతనిది. వరసకు బావేమీ కాడు, ఇద్దరూ ఒకరినొకరు అలా పిలుచుకుంటూ ముసలివాళ్ళయిపోయారు. "నీ జన్మకి నువ్వు అది దాటవు. నా మాట విని అక్కడే ఒక గుడిసె వేసుకో."

మేస్త్రి నవ్వాడు గానీ, ఆ మాట ఎక్కడో తగిలింది.

ఆ పుస్తకంలో ఆకాశాన్ని భుజాల మీద మోసే మహాకాయుడు ఒకడుంటాడు. అతను చలికి బిగుసుకుపోతున్నాడని విని, ఒక కుమ్మరి పిల్ల నిప్పుకుండ పట్టుకుని కొండల మీదికి బయలుదేరుతుంది. నిప్పు ఆరకుండా ఆమె నడిచిన దారే పుస్తకమంతా. మాట్లాడే నది, మంచుతో కట్టిన ఊరు, గాలిని మేపే కాపరులు, వీటన్నిటినీ మేస్త్రి ఎన్నిసార్లు చదివినా మొదటిసారి చూసినట్టే నోరు తెరుచుకుని చూసేవాడు. చివరికి అడవి వస్తుంది. అక్కడ ఆమెకు తోడొచ్చిన ఒంటికన్ను ఎలుగుబంటి చచ్చిపోతుంది. కుండ పగిలిపోతుంది. ఆమె ఏడుస్తూ ఎలుగు మీద ఆకులు కప్పుతుంది. పేజీ తిప్పితే అదే ఎలుగు వాసన చూసుకుంటూ ముందు నడుస్తుంటుంది, కుండ చెక్కుచెదరకుండా ఆమె చంకలో ఉంటుంది.

మేస్త్రి వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివేవాడు. తలనొప్పి వచ్చేది. పిల్ల చిన్నప్పుడు ఒకసారి, కాలు విరిగి మంచాన పడ్డప్పుడు ఒకసారి, కూతుర్ని అత్తవారింటికి పంపి ఇల్లు బోసిపోయినప్పుడు ఒకసారి, ఇంకా ఎన్నో సార్లు మొదలుపెట్టాడు. ప్రతిసారీ అక్కడే ఒక ఎర్ర దారం ముక్క పెట్టి మూసేశాడు. గొప్ప పుస్తకాల్లో చచ్చినవాళ్ళు అలా లేస్తారు కాబోలు, అది అందుకునేంత బుర్ర తనకు లేదు అనుకున్నాడు. కూతురు చదువుకునే రోజుల్లో బడి నుంచి వేరే ప్రతి తెచ్చుకుని సెలవుల్లో పూర్తిచేసి, చివర వెక్కి వెక్కి ఏడ్చింది. "ఇందులో అర్థం కానిదేముంది నాన్నా!" అంది. "చివర చెప్పకే తల్లీ" అని చెవులు మూసుకున్నాడు ఆయన. అప్పటి నుంచీ ఇంట్లో ఎవరేం చెప్పినా, "నాకంత బుర్ర లేదులే" అనడం అలవాటైపోయింది. బయటికి నవ్వుతూనే అనేవాడు. ఒక్కసారి, చచ్చేలోపు ఒక్కసారి ఆ అడవి దాటాలని లోపల ఉండేది.

జిగురు నానింది. అట్ట ఊడదీసి, వీపు మీది పాత గుడ్డ పీకి, బద్దతో గీకాడు. పుస్తకం వీపు బయటపడింది.

పెద్ద కాగితాన్ని మడిచి చేసిన ఒక్కో కట్టను ఫారం అంటారు. ప్రతి ఫారం మడత మీద ముద్రించేవాళ్ళు చిన్న నల్లగీత వేస్తారు. ఒక్కో ఫారానికి గీత ఒక్కో మెట్టు కిందికి దిగుతుంది. ఫారాలన్నీ వరసగా పేర్చి ఉంటే, వీపు మీద పైనుంచి కిందికి చక్కటి మెట్లవరస కనిపిస్తుంది. కుట్టాక గుడ్డ కింద దాగిపోతుంది, మళ్ళీ విప్పితే తప్ప కనపడదు.

మేస్త్రి కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. వేలితో మెట్లు దిగుతూ వచ్చాడు. చివరికి దగ్గరపడుతుండగా వేలు ఆగింది. ఒక మెట్టు కిందికి జారి, పక్కది పైకి లేచి ఉంది. రెండు ఫారాలు తారుమారయ్యాయి.

ఆయన వేలు అక్కడే ఉంచి, ముఖం పుస్తకం మీదికి వంచాడు.

"ఏమైంది బావా, పాము కనపడ్డట్టు చూస్తున్నావ్?"

"ఎలుగు ముందు నడిచింది. తర్వాతే చచ్చిపోయింది" అన్నాడు మేస్త్రి.

కత్తిబావ వంగి చూశాడు. "ఛీ ఛీ! ఎవడయ్యా ఇలా కుట్టింది? వాడి చేతులు విరిచెయ్యాలి."

"నేనే."

కత్తిబావ పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నేను ఒక్కణ్ణీ కుట్టిన మొదటి పుస్తకం ఇదే. ఫారాలు పేరుస్తుంటే నువ్వే తలుపులో నిలబడి కేకేశావ్, అమ్మాయి పుట్టిందని. ఇక నాకు చేతులు ఆడాయా? పేజీల అడుగున అంకెలైనా ఉంటే తర్వాత చదివేటప్పుడు చూసి పట్టుకునేవాణ్ణి. అంచులు కోసేటప్పుడు వాటిని నీ కత్తి తినేసింది."

"అయితే తప్పు నాదంటావా?"

"నీదీ కాదు, నాదీ కాదు. అమ్మాయిది" అన్నాడు మేస్త్రి, అని నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "బావా, నా బుర్ర బాగానే ఉందిరా!"

రెండు ఫారాలూ తీసి వాటి చోట్లలో పెట్టాడు. మెట్లవరస కుదిరింది. ఒక్కో మడతలోంచి సూది లోపలికి, బయటికి, పై ఫారానికి ముడి. ఎన్ని వేల పుస్తకాలు కుట్టాడో ఆ చేతులకే తెలియాలి, ఇవాళ మాత్రం ప్రతి ముడినీ రెండుసార్లు తడిమి చూసుకున్నాయి. అట్టలు అంటిస్తే ఆరేదాకా ఆగాలి. అంత ఓపిక లేదు. ఒంటిపూట సెలవడిగి, అట్టలేని పుస్తకాన్ని కాగితంలో చుట్టుకుని ఇంటికి బయలుదేరాడు. తన ఇంటి మేడమెట్ల మధ్యలో ఆగి, ఎడమ భుజం నొక్కుకుని ఊపిరి తీసుకున్నాడు.

కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. భార్య వంటింట్లో సర్దుకుంటోంది. ఆయన చదవడానికి కూర్చుంటే ఊపిరి కూడా వినపడదు. అందుకని ఆవిడ మధ్యమధ్యలో కేకేస్తుంది.

"ఉన్నారా?"

"ఉన్నా."

మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. ఎలుగు నడిచింది, తర్వాత చచ్చిపోయింది, ఈసారి మేస్త్రి దానికోసం ఏడ్చాడు. కుండ పగిలింది. ఆమె నిప్పును ఎలుగు పుర్రెలో పెట్టుకుని, చెట్లను దాటి, బట్టబయలు కొండ మీదికి వచ్చింది. ఆయనా వచ్చాడు. అక్కడి వెలుతురు తన గదిలోనే పడ్డట్టయి ఒకసారి తలెత్తి చూశాడు. కిటికీలో పొద్దు వాలుతోంది.

చివరి పేజీ అయ్యాక చాలాసేపు చేతులు పుస్తకం మీదే ఉంచాడు.

"ఉన్నారా?"

"ఏమే, ఇలా రా. అడవి దాటాను."

ఆవిడ తడిచేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. "నిజంగానా? ఇన్నేళ్ళూ నన్ను కూడా ఆ అడవిలోనే నిలబెట్టేశారు కదండీ! చెప్పండి, చెప్పండి."

ఆయన నెమ్మదిగా చెప్పాడు. కుమ్మరి పిల్ల పైకి చేరుతుంది. మహాకాయుడి కాలివేలే ఒక ఇల్లంత ఉంటుంది. ఆమె నిప్పు అక్కడ పెడుతుంది. రాయిలాంటి ఒళ్ళు మెల్లగా వెచ్చబడుతుంది. ఎన్ని యుగాల తర్వాతో అతను పెదవి విప్పుతాడు. చలి గురించి అడగడు, బరువు గురించి అడగడు. కిందికి వంగి చూడలేని మనిషి కదా, ఒక్కటే అడుగుతాడు: కింద ఇంకా ఎవరైనా ఉన్నారా?

భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఎవరూ చెప్పలేదా అతనికి?"

"ఎవరూ చెప్పలేదు. ఉన్నారో లేరో తెలియకుండానే మోశాడు."

"ఆ పిల్ల ఏమంది?"

"ఉన్నాం అంది. అంతే. అయిపోయింది."

ఇద్దరూ కాసేపు ఆకాశం చూస్తూ కూర్చున్నారు. అది రోజూ చూసేదే, ఇవాళ మాత్రం ఎవరో పట్టుకుని ఉన్నట్టు ఎత్తుగా, నిబ్బరంగా ఉంది. "అమ్మాయి ఎందుకేడ్చిందో ఇప్పుడు తెలిసింది" అన్నాడు ఆయన. ఆవిడ ఆయన తల మీద ఓసారి చెయ్యి వేసి, టీ పెడతానని లేచింది.

నీళ్ళు మరిగాయి. ఆవిడ గ్లాసులు కడిగి, పొంగును ఊది, పొయ్యి తగ్గించింది.

"ఉన్నారా?"

చక్కెర కలుపుతూ ఇంకోసారి పిలిచింది. తర్వాత రెండు గ్లాసులూ అక్కడే వదిలేసి, పిలవకుండా వచ్చి గుమ్మంలో నిలబడింది.

ఆయన తల కిటికీవైపు వాలి ఉంది, ముఖం ఆకాశానికి ఎదురుగా. ఒళ్ళో పుస్తకం మూసి ఉంది. ఇన్నేళ్ళూ అడవి దగ్గరే ఇరుక్కుపోయిన ఎర్ర దారం ముక్క, ఇప్పుడు ఏ పేజీలోనూ లేకుండా, కిటికీ గట్టు మీద వదులుగా పడి ఉంది.