కుందేలుకీ తాబేలుకీ మధ్య

ఆ శనివారం పొద్దున మబ్బులు పడమటి నుంచి వచ్చి, దున్నిన చేల మీద కాసేపు నిలబడి, ఒక్క చుక్కయినా రాల్చకుండా తూర్పుకు వెళ్ళిపోయాయి. వంటింటి కిటికీలోంచి అది చూసి హాల్వోర్ నిట్టూర్చాడు. వాన పడి ఉంటే బావమరిది గడ్డి కొయ్యడానికి వచ్చేవాడు కాదు.

"తెరిపిచ్చింది," అన్నాడు.

"మంచిదేగా," అంది భార్య ఆర్డిస్.

"చెడ్డదని నేనన్లేదు."

డెబ్బై నాలుగేళ్ళలో ఆయన అంతకంటే గట్టిగా ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆ మిన్నెసోటా పల్లెలో ఎవరూ చెయ్యరు. నిరుడు సుడిగాలి వచ్చి పొరుగు రైతు ఆర్విడ్ పశువుల కొట్టం పైకప్పును చెరువులో పడేస్తే, "కాస్త గాలేసింది" అన్నాడు ఆర్విడ్, అంతే.

రోడ్డుకు అవతలి ఇల్లు ఆర్డిస్ తమ్ముడు లోవెల్‌ది. పోయిన సెప్టెంబరులో అతని గడ్డి కోసే బండి మూలపడింది. అప్పటి నుంచి శనివారాలు హాల్వోర్ తోట ట్రాక్టరు పట్టుకుపోతున్నాడు. అది పందొమ్మిదేళ్ళ బండి. చలికాలం వస్తే హాల్వోర్ దాని బ్లేళ్ళు విప్పి సానబట్టి, నూనె గుడ్డ చుట్టి దాచేవాడు. మే నెలాఖరున పోయినవాళ్ళను తలుచుకునే రోజు వస్తుంది. దానికి ముందు చర్చి సమాధుల తోటలో గడ్డి కోసేది ఆ బండితోనే, కోసేది ఆయనే. అమ్మా నాన్నా అన్నా అక్కడే ఉన్నారు. ఏ సమాధి రాయికీ చక్రం తగలనివ్వడు. పందొమ్మిదేళ్ళలో ఆ పనిని ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ వంక పెట్టనూ లేదు. ఆ ఊళ్ళో మెచ్చుకోవడమంటే అదే.

ఇంజను బలాన్ని కింది బ్లేళ్ళకు అందించడానికి సీటు పక్కన ఒక మీట ఉంటుంది. పీటీవో మీట అంటారు. ఇంజను వేగం పెంచి తగ్గించే రేసు పుల్లకు ఒక కొసన జోరుకు కుందేలు బొమ్మ, ఇంకో కొసన నిదానానికి తాబేలు బొమ్మ. పుల్లను రెండింటికీ మధ్యన పెట్టి, గడ్డి పొట్టిగా ఉన్నచోట బండి ఆపి, నిద్రపోయిన పిల్లను ఒళ్ళోంచి పక్క మీదికి దించినట్టు మీటను దించాలి. బ్లేళ్ళు తిరగడం అందుకున్నాకే కుందేలు. లోవెల్ సంగతి వేరు. పిక్కలెత్తు గడ్డిలోకి తోలుకుపోయి, రేసును కుందేలు చెవుల దాకా నెట్టి, తలుపుకు గడియ వేసినట్టు టక్కున మీట వేస్తాడు. క్లచ్చి కీచుమని అరుస్తుంది. ఆ అరుపు రోడ్డు దాటి వచ్చి, కాఫీ తాగుతున్న హాల్వోర్‌కు పంటి కింద రాయిలా తగులుతుంది.

ఏప్రిల్లో ఒక క్లచ్చి కాలిపోయింది కూడా. విప్పి చూస్తే పలక మాడిన రొట్టెలా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి లోవెల్‌ను పిలిచాడు.

"అరిగిపోయింది," అన్నాడు.

"ఈ రోజుల్లో ఏ వస్తువూ గట్టిగా చెయ్యట్లేదు బావా," అని లోవెల్ సానుభూతిగా తలాడించాడు.

హాల్వోర్ కొత్తది వేశాడు.

"వాడికి నోరు విప్పి చెప్పరాదూ?" అంది ఆర్డిస్.

"ఏమని?"

"ఒరే, నా క్లచ్చి తగలేస్తున్నావురా అని."

చర్చిలో బూతుమాట విన్నట్టు చూశాడు హాల్వోర్. చెప్పడం కాదు, చూపిస్తే సరి అనుకున్నాడు.

ఆ శనివారం లోవెల్ రాగానే అరుగు మీద కూర్చోబెట్టి చేతికి కాఫీ ఇచ్చాడు. "ముందు నాది కోసుకుంటా. తాగుతూ ఉండు." బండెక్కి రేసు పుల్లను వేలితో కొద్దికొద్దిగా నెట్టి మధ్యకు తెచ్చాడు. మీటను రెండు వేళ్ళతో పట్టుకుని, అడుగున ఏముందో చూస్తున్నట్టు వంగి, మెల్లగా, ఇంకా మెల్లగా దించాడు. మళ్ళీ ఎత్తి, మళ్ళీ దించాడు. మూడోసారి మరీ మెల్లగా. ఓరకంట చూస్తే లోవెల్ కప్పు నోటి దగ్గరే ఆగిపోయి ఉంది. మొహంలో రంగు మారింది. ఎక్కిందిరా నీకు, అనుకున్నాడు హాల్వోర్.

లోవెల్ లేచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "దిగు బావా. మిగతాది నేను కోస్తాలే."

"ఎందుకూ?"

"ఊరికేనే."

మరుసటి శనివారం లోవెల్ తన గడ్డి కోసి, అడగకుండానే ఇటు వచ్చి హాల్వోర్ గడ్డి కూడా కోశాడు. అదివరకు వారానికి ఒక్కసారి అరిచే క్లచ్చి ఇప్పుడు రెండు ఇళ్ళకూ అరిచింది.

సోమవారం ఆర్విడ్ పెళ్ళాం బెర్నిస్ హాట్‌డిష్ పట్టుకొచ్చింది. మాంసం, బంగాళాదుంపలు, పుట్టగొడుగుల సూపు కలిపి పొయ్యిలో ఎర్రగా కాల్చిన గిన్నె. "ఎక్కువ చేశానమ్మా, ఊరికేనే," అంటూ హాల్వోర్‌కేసి ఒకసారి చూసి, కళ్ళు దించుకుని వెళ్ళిపోయింది. మంగళవారం ఇంకో గిన్నె. బుధవారం రెండు. అడుగున తెల్లటి పట్టీ మీద ఎవరి పేరు వాళ్ళు రాసుకున్నారు, తిరిగివ్వడానికి వీలుగా.

ఆ ఊళ్ళో హాట్‌డిష్ ఊరికే రాదు.

"ఎవరైనా పోయారా?" అన్నాడు హాల్వోర్.

"పోతే మనమూ పట్టుకెళ్ళాలిగా." ఆర్డిస్ నాలుగో గిన్నెకు ఫ్రిజ్‌లో చోటు వెతుకుతూ చటుక్కున తిరిగింది. "నిజం చెప్పు. ఒంట్లో బాలేదా నీకు? నా దగ్గర దాస్తున్నావా?"

"నాకూ ఎవరూ చెప్పలేదు మరి."

"వాళ్ళనడుగు."

"చేతిలో గిన్నె పెట్టినవాళ్ళని ఏమని అడుగుతాం?"

గురువారం పాస్టరమ్మ మారెన్ వచ్చింది. మూడు కప్పుల కాఫీ తాగింది. వానల సంగతి, చేపల సంగతి అయ్యాయి. లేచి నిలబడ్డాక అసలు మాట తీసింది. "ఈ ఏడు సమాధుల తోట పని లోవెల్ గారు చూసుకుంటానన్నారండీ. ట్రాక్టరు మటుకు మీదే. మీరు నిమ్మళంగా కూర్చోండి." అని ఆయన కుడిచేతిని పక్షిగుడ్డులా రెండు చేతుల్లోకి తీసుకుంది. "వయసొచ్చాక చేతులు మాట వినవు. అందులో సిగ్గుపడేదేం లేదు."

ఆమె కారు మలుపు తిరిగేదాకా హాల్వోర్ తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ నిలబడ్డాడు.

"వాడికి చెప్తావా ఇప్పుడైనా?" అంది ఆర్డిస్.



శనివారం పొద్దున హాల్వోర్ చర్చికి వెళ్ళేసరికి లోవెల్ అప్పటికే అక్కడున్నాడు. వారమంతా వానలు. గడ్డి పిక్కలు దాటింది. సరిగ్గా హాల్వోర్ నాన్న రాయి పక్కన, ఆ గడ్డి నడుమ బండి ఆపి, రేసును కుందేలు మీదికి నెట్టి, మీట మీద చెయ్యేశాడు.

హాల్వోర్ వెళ్ళి బండికి ఎదురుగా నిలబడ్డాడు. "లోవెల్."

"ఏంటి బావా?"

నోరు తెరిచాడు. "గడ్డి బాగా పెరిగింది," అని వచ్చింది.

"వానలు కదా," అని లోవెల్ మీట బిగించి పట్టుకున్నాడు.

"ఆ మీట తప్పు వేస్తున్నావురా!"

దేవదారు చెట్టు మీది కాకులు లేచిపోయాయి. పాస్టరమ్మ ఇంట్లో కిటికీ తెర కదిలింది. ఆ గొంతు తనదేనా అని హాల్వోరే ఒక అడుగు వెనక్కి వేశాడు. లోవెల్ ఇంజను ఆపేశాడు.

"తప్పా?"

"సెప్టెంబరు నుంచీ తప్పే. ఏప్రిల్లో క్లచ్చి కాల్చింది నువ్వే."

లోవెల్ మీటకేసి చూశాడు. "మరి నీ చెయ్యో?"

"నా చేతికేం?"

"ఆ రోజు మీట దించడానికి అంతసేపు పట్టింది కదా నీకు. రెండు వేళ్ళతో. మూడుసార్లు తంటాలు పడ్డావు."

"తంటాలు కాదు! అలాగే దించాలి. నీకు నేర్పిద్దామని దించాను."

"నేర్పేవాడివి నేర్పుతున్నానని చెప్పొద్దూ?" లోవెల్ గొంతు కూడా లేచింది. "నేను ఇంటికెళ్ళి ఏడ్చాను, తెలుసా?"

ఎటు చూడాలో తెలియక హాల్వోర్ నాన్న రాయికేసి చూశాడు.

"ఏడ్చావా?"

"కాస్త."

"ఊరంతా చెప్పావా?"

"ఊరంతా ఏం కాదు. ఒక్క బెర్నిస్‌కి."

రెండూ ఒకటేనని ఇద్దరికీ తెలుసు.

"దిగు," అన్నాడు హాల్వోర్.

తనెక్కి, గేటు దగ్గర గడ్డి పలచగా ఉన్న చోటికి బండిని తోలాడు. రేసు మధ్యకు. మీట కిందికి. బ్లేళ్ళు తేనెపట్టులా ఝుమ్మన్నాయి. అప్పుడు కుందేలు. చెయ్యి ఎక్కడా వణకలేదు. లోవెల్ ముక్కు మీదికి కళ్ళద్దాలు దించి ఆ చేతినే చూశాడు, మీటను చూడలేదు.

తరవాత లోవెల్ వంతు. మొదటిసారి మీటను సగంలో పట్టుకుని భయంభయంగా ఉండిపోయాడు.

"సగంలో ఆపకు. అలా రాసుకున్నా అరుగుతుంది. మెల్లగా, కానీ ఆగకుండా."

రెండోసారి దించాడు.

"చప్పుడే రాలేదు. పడిందా?"

"పడింది."

నాన్న రాయి ఉన్న వరస హాల్వోర్ కోశాడు. విశాలంగా ఉన్న చోటంతా లోవెల్‌కు వదిలేశాడు. గేటు దగ్గరే నిలబడి చెవొగ్గి విన్నాడు. అరుపు రాలేదు.

మధ్యాహ్నం ఆర్డిస్ ఆఖరి హాట్‌డిష్ వేడి చేసింది.

"ఊళ్ళో వాళ్ళకేం చెప్పను?" అంది. "జబ్బే లేదంటే బెర్నిస్ మొహం ఎక్కడ పెట్టుకుంటుంది?"

హాల్వోర్ ఆలోచించాడు. "తగ్గిందని చెప్పు."

లోవెల్ చేతులకు గుడ్డ చుట్టుకుని పొయ్యిలోంచి గిన్నె తీశాడు. మెల్లగా, ఆగకుండా, చప్పుడు లేకుండా బల్ల మీదికి దించాడు. హాల్వోర్ చూశాడు, ఏమీ అనలేదు. ముగ్గురూ తలలు వంచి ప్రార్థన చేసుకుని, గిన్నె అడుగు కనబడేదాకా మాటా పలుకూ లేకుండా తిన్నారు.