సోమవారం కోడలు

మా కోడలు నజ్మాకు బుద్ధి లేదని నేను ఊరికే అనను. ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టుకునే మనిషికి ఊరి గొడవ ఎందుకు? కిరాణా కొట్టు వరలక్ష్మమ్మను వెంటబెట్టుకుని కళ్యాణదుర్గం బస్టాండులో వచ్చేపోయేవాళ్ళ చేత సంతకాలు పెట్టిస్తోంది. ఎవరి కోసం? బర్మా నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిందట, ఆరీఫా అని ఒకామె, ఆమె కోసం.

ఆడవాళ్ళకు బస్సు ఉచితమే. కానీ మన రాష్ట్రం అడ్రసున్న ఆధార్ కార్డు చూపిస్తేనే కండక్టరు జీరో టికెట్ కొడతాడు. ఆరీఫా దగ్గరున్నది శరణార్థి అని రాసిన కార్డు ఒక్కటే, అది బస్సులో చెల్లదు. ఆమె ప్రతి సోమవారం అనంతపురంలో పోలీసు ఆఫీసుకు పోయి కనబడాలి. ఒక్క వారం తప్పితే పట్టుకుపోయి ఎక్కడ పెడతారో తెలియదు. వానల్లేక శెనక్కాయ పంట పోయింది, ఆమె పనిచేసే మిల్లు మూతబడింది. ఇంక చార్జీ ఎక్కడ తెస్తుంది? శరణు కోరి వచ్చినవాళ్ళకు కూడా బస్సు ఉచితం చేయాలని వీళ్ళ అర్జీ.

"అత్తా, నువ్వూ ఒక సంతకం పెట్టు" అనింది నజ్మా.

"పెట్టను పో. ఆ కాగితం యాడికి పోతాదో నీకు తెల్సా? రేపు దాన్ని ముందర పెట్టుకోని ఒక్కొక్కరినీ పిలుస్తారు. మీరు యాడోళ్ళు, ఎప్పుడొచ్చినారు అంటారు. వరలక్ష్మమ్మను అడగరు, మనల్నే అడిగేది."

"నువ్వు పుట్టింది కంబదూరులో గదా, నీకేం భయం?"

"అడిగేటోనికి కంబదూరేంది, బర్మా ఏంది?"

ఆ రోజు నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు. అసలు ఆరీఫా మీదే నాకు అనుమానం. తల ఎత్తదు, పెదవి విప్పదు. అంత నెమ్మదిగా ఉండేవాళ్ళను నేనెప్పుడూ నమ్మలేదు.

సోమవారం మోకాళ్ళ నొప్పికి చూపించుకుందామని అనంతపురం బస్సెక్కాను. ముందు వరసలో నల్ల బురఖాలో ఆరీఫా! నన్ను చూసి ముఖం తిప్పుకుంది. చేతిలో దుడ్లు లేని మనిషి బస్సెలా ఎక్కిందబ్బా అనుకుంటూ వెనక కూర్చున్నాను. నా పక్క వరసలో మా వీధి ఆదెప్ప ఉన్నాడు. కూతుళ్ళ బట్టలన్నీ నజ్మా దగ్గరే కుట్టిస్తాడు.

కండక్టరు ఈ రూటుకు కొత్త. ఎవరో ఇంకొకరి కార్డులతో తిరుగుతున్నారని చెవిన పడినట్టుంది, నా కార్డును అటూ ఇటూ తిప్పాడు.

"అవ్వా, ఈ ఫోటో నీ మాదిరి లేదే. ఏ ఊరు మీది? నిజం చెప్పు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమప్పా, ఆ కార్డులో ఫోటో ఎవరిదన్నా ఎవరి మాదిరన్నా ఉంటాదా? ఈడ పుట్టి ఈడ ముసలైనదాన్ని, నన్నే అడగల్లనా? అదో, ఆడ కూర్చుందే, ఆయమ్మను అడుగు పో!"

నోరు జారింది. బస్సంతా అటు తిరిగింది.

కండక్టరు పోయి చెయ్యి చాపాడు. ఆరీఫా ఒక కార్డు తీసి ఇచ్చింది. అతను గట్టిగా చదివాడు. "నజ్మా. భర్త ముబారక్. కళ్యాణదుర్గం."

ముబారక్ నా కొడుకు! యా అల్లా, నా కోడలు తన కార్డే ఇచ్చి పంపింది. ఏది ఇంటి మీదికి వస్తుందని భయపడి చచ్చానో, దాన్ని నేనే వేలెత్తి చూపించాను.

"నజ్మా అంటే నువ్వేనా? మీ ఆయన ఏం పని చేస్తాడు?"

ఆరీఫా నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపమన్నా ఉంటే బాగుండేది.

"నా కోడలప్పా!" అని లేచాను, మోకాళ్ళ సంగతి మరిచిపోయి.

"మరి దూరం దూరం కూర్చున్నారే? సొంత కోడల్ని ఆయమ్మ అంటివే?"

"అత్తాకోడళ్ళకు మాటల్లేవు! అదీ నీకు చెప్పల్లనా? మీ ఇంట్లో లేవా కొట్లాటలు?"

ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. కండక్టరు నవ్వలేదు. ఆదెప్పను అడిగాడు. "ఏమన్నా, నీకు తెలుసా వీళ్ళు?"

ఆదెప్ప ఆరీఫాను చూశాడు, నన్ను చూశాడు. వాడు కాదని ఒక్క మాటంటే మా ఇంటి పని అయిపోయినట్టే. ఇన్నేళ్ళుగా ఎదురిల్లే అయినా ఆ మనిషి లోపల ఏముందో నాకెప్పుడూ అంతుపట్టలేదు.

"తెలీకేమి" అన్నాడు చివరికి. "పొద్దున లేస్తే ఆ ఇంట్లో ఇదే రచ్చ."

కండక్టరు కార్డులూ జీరో టికెట్లూ రెండేసి నా చేతిలో పెట్టాడు. ఆరీఫాను పక్కన కూర్చోబెట్టుకున్నాను. "నువ్వు మాట్లాడాకు. నేను తిడతాంటా, నువ్వు తలకాయ ఊపు" అని చెవిలో గొణిగి, నజ్మాను తిట్టాల్సినవన్నీ అనంతపురం దాకా ఆమెనే తిట్టాను. మధ్యలో ఎప్పుడో నా చెయ్యి పట్టుకుంది. నేను విడిపించుకోలేదు, కండక్టరు చూస్తున్నాడు మరి. ఆసుపత్రి పని మానుకుని పోలీసు ఆఫీసు బయట కూర్చుని, ఆమెను వెంటబెట్టుకుని తిరిగొచ్చాను.

ఇంటికి రాగానే కార్డు నజ్మా ముందు విసిరేశాను.

"ఇంగోసారి ఈ పని చేస్తే కాళ్ళిరగ్గొడతా! వచ్చే సోమవారం గూడా ఆ కండక్టరే ఉంటాడు. ఆదెప్ప ఉంటాడో లేదో. వారం వారం ఆయమ్మకు నేను అత్తను కాలేను. ఆ అర్జీ యాడుండాది? తే ఇట్ల!"

నజ్మా నోరు తెరుచుకుని చూస్తూ తెచ్చింది. వరలక్ష్మమ్మ పేరు కింద ఫాతిమాబీ అని రాశాను. పేరొక్కటే చాలదనిపించి మా నాయన పేరు, కంబదూరు, ఇప్పుడుండే వీధి అన్నీ రాశాను. రేపు అడగడానికి వచ్చేవాళ్ళు ఇల్లు వెతుక్కోకూడదు కదా.