పడిపోని ఆదివారం

ఇదివరకెప్పుడూ నేను ఏదీ రాసినదాన్ని కాను. ఆరో తరగతితో బడి మానేశాను. నలుగురిలో నోరు తెరవాలంటే ఇప్పటికీ చెమటలు పడతాయి. ఆదివారం సంతలో ఎర్మెలిందా బల్ల పక్కనే నా గుండీల బల్ల, పద్దెనిమిదేళ్లుగా. ఆమె నాకంటే నెమ్మది, ఆమె సంగతి ఆమె ఎటూ చెప్పదు. అందుకని నేనే మొదలుపెట్టాను. నా ఊసు ఇంతటితో చాలు.

సినిమా వీరుల ప్లాస్టిక్ బొమ్మలకు పాత రంగు చెరిపి, కొత్తది వేసి అమ్మడం ఎర్మెలిందా బతుకుతెరువు. పొద్దున్నే చేసే మొదటి పని వాటికి స్నానం. గిన్నెలు తోమే సబ్బు కలిపిన గోరువెచ్చటి నీళ్లలో నలుగురైదుగురు వీరుల్ని ముంచి, పాత పళ్ల బ్రష్షుతో చంకలూ మోకాలి మడతలూ రుద్దేది. చేతి జిడ్డు పోకపోతే రంగు నిలవదు. తర్వాత దూదిమీద గోళ్లరంగు తుడిచే మందు రెండు చుక్కలు వేసుకుని మొహాలు తుడిచేది. ఎక్కువసేపు రుద్దితే ముక్కు కరిగి జిగురవుతుంది. తక్కువ రుద్దితే పాత మొహం కొత్త మొహం కిందనుంచి తొంగి చూస్తుంది.

ఈమధ్య ఫ్యాక్టరీ నుంచి వచ్చే బొమ్మలన్నీ సినిమాలో ఉన్నట్టే వస్తున్నాయి. వడగళ్ల కెప్టెన్‌కి మాసిన గడ్డం, కళ్ల కింద గుంటలు, బొగ్గురంగు బట్టలు, ఏదో చావుకి వెళ్లొచ్చినవాడిలా మొహం. మా పువెబ్లా ఊళ్లో నలభై దాటిన మగాళ్లెవరికీ ఆ కెప్టెన్ అక్కర్లేదు. చిన్నప్పుడు వేడి అతోలె జావ తాగుతూ టీవీలో చూసిన కార్టూన్ కెప్టెన్ కావాలి వాళ్లకి. కోడిగుడ్డులాంటి తెల్ల కళ్లు, నీడ పడని నున్నటి మొహం, ఒంటిచుట్టూ నల్ల గీత. చేతి తొడుగులు నారింజరంగని ఒకడంటే, గులాబీవని ఇంకొకడు పోట్లాడేవాడు. ఎర్మెలిందా ఎవరితోనూ వాదించేది కాదు. ఎవరింటి టీవీలో కెప్టెన్ ఏ రంగులో కనబడ్డాడో వాళ్లకి ఆ రంగే వేసిచ్చేది.

రంగులు ఎవరైనా వేస్తారు. అసలు పనంతా చివర్లో వేసే గీతలో ఉంది. వెంట్రుకంత సన్నం, ఎక్కడా తెగకూడదు. ఊపిరి బిగబట్టి, మడమ దగ్గర మొదలుపెట్టి, ఒళ్లంతా చుట్టి, మళ్లీ మడమ దగ్గర కలపాలి. ఎర్మెలిందా గీత కలిపేసిందంటే దాని లోపల ఉన్నది ఇక మారదు. ఈ సంగతి మా కొండవాడలో అందరికీ తెలుసు. పెళ్లినాటి చెప్పులకు గీయించుకున్నవాళ్లున్నారు. బొప్పాయికి గీయించి, ఆరేళ్లుగా పండుగానే ఉన్నదాన్ని కోసుకోలేక, పారేయలేక అలమార మీద పెట్టుకున్న వదిన ఒకామె ఉంది.

ఊపిరి ఉన్నవాటిలో ఒక్కదానికే గీసింది. మా వాడ పెద్దాయన దోన్ అబుందియో పుంజుకి. ముసలాయన పదకొండేళ్ల కిందట పందెం కాసి మరీ గీయించాడు. ఆ రోజు నాలుగింటికి పక్కింటి కుర్రాడు కర్ర పుచ్చుకుని దాన్ని గోడవెంట తరిమాడు. గీత ఆరేసరికి అయిదయింది. మర్నాటి నుంచి ఆ పుంజు రోజూ ఆ రోజునే బతుకుతోంది. పొద్దున అదే మూలన అన్నే గింజలు తింటుంది. నాలుగు కొట్టగానే, వెనక ఎవరూ లేకపోయినా, రెక్కలు విదిలించుకుంటూ ప్రాణభయంతో గోడవెంట పరుగు తీస్తుంది. తరిమిన కుర్రాడు పెళ్లాడి ఎక్కడో దూరాన తిహువానాలో లారీ తోలుకుంటున్నాడు. పుంజు మాత్రం వాడి కర్ర దెబ్బ తప్పించుకుంటూనే ఉంది. ఆ వేళకి పెట్టలు ముందే పక్కకి జరిగి నిలబడతాయి. దోన్ అబుందియో లోపలికి పోయి రేడియో గట్టిగా పెట్టుకుంటాడు.

ఆ తర్వాత ఎర్మెలిందా ప్రాణమున్న దేని జోలికీ వెళ్లలేదు.

ఆమె కూతురు ఓదిలియా జీన్సులు కుట్టే ఫ్యాక్టరీలో పని చేసేది. మనవరాలు సెనాయిదాకి తొమ్మిదేళ్లు. ఏడో ఏట నుంచి ఆ పిల్ల ఉన్నట్టుండి కూలబడటం మొదలుపెట్టింది. లేవాలంటే చేతులు ముందు మోకాళ్లమీద, తర్వాత తొడలమీద ఆనించి, తన ఒంటినే మెట్లు చేసుకుని పైకెక్కేది. కండలు కరిగిపోయే జబ్బని పెద్దాసుపత్రిలో చెప్పారు. పదకొండు నిండేసరికి చక్రాల కుర్చీ తప్పదన్నారు. వాళ్ల ఇంటికి రోడ్డునుంచి నూట పన్నెండు మెట్లు. కుర్చీ ఎక్కడ తిప్పాలో డాక్టరు చెప్పలేదు.

ఒక శనివారం ఎర్మెలిందా బొమ్మలు కడిగే బకెట్ ముందు కూచుని ఉంటే ఓదిలియా వచ్చి ఎదురుగా గొంతుకూచుంది.

"అమ్మా, సెనాయిదాకి గీత గియ్యి."

ఎర్మెలిందా తలెత్తలేదు. "పుంజుని చూస్తూనే ఉన్నావుగా."

"చూస్తున్నా. పదకొండేళ్లయింది. దాని కాళ్లు ఇంకా పరిగెడుతున్నాయి."

కాదనడం ఎర్మెలిందాకి చిన్నప్పటినుంచీ అలవాటు లేదు. తల్లీకూతుళ్లు అలా నీళ్లలోకి చూస్తూ ఉండగా, గడపమీద కూచున్న సెనాయిదా కదులుతున్న పన్నుని నాలుకతో తోసుకుంటూ అంది:

"నడుం దాకానే గియ్యి అమ్మమ్మా. పైన నేనుంటాను. ఈ పన్ను ఊడాలి నాకు."

బొమ్మలకు సగం రంగు వేయడం కొత్తేమీ కాదు కాబట్టి ఆ మాట ముగ్గురికీ సబబుగానే తోచింది. రోజు మాత్రం మంచిది దొరకాలి. పిల్ల ఒక్కసారి కూడా పడని రోజు కావాలి. పడిన రోజున గీస్తే ఇక రోజూ అక్కడే, ఆ వేళకే పడుతుంది. ఎండ కొండ చాటుకి వెళ్లేలోపు గీయాలి, లేకపోతే ఎర్మెలిందా కళ్లకి గీత ఆనదు.

సోమవారం బడి గేటు దగ్గర పడింది. మంగళవారం రెండుసార్లు. బుధవారం మూడున్నర దాకా పడలేదు. ఎర్మెలిందా నల్లరంగులో నీళ్లు కలిపి, కుంచె మొన నాలుకమీద సన్నం చేసుకుంటుండగా, పిల్ల మంచినీళ్లకని లేచి కుండ పక్కన కూలబడింది. రంగు అలాగే గట్టిపడిపోయింది. ఇంకోరోజు తూలింది గాని గోడ పట్టుకుని నిలబడింది. అది పడటం కిందికి రాదు కదా అని ఓదిలియా అంది. ఎర్మెలిందా, "ఆ గోడ ఎల్లకాలం అక్కడే ఉంటుందా?" అని అడిగింది.

అలా ఏడు వారాలు గడిచాయి. పడటాలు తగ్గకపోగా పెరిగాయి. ఓదిలియా ఒకరోజు ఫ్యాక్టరీ ఎగ్గొట్టి పిల్లని మంచం దిగనివ్వలేదు. అన్నం మంచంమీదే, బకెట్ మంచం పక్కనే. నాలుగయ్యేసరికి గెలిచినట్టు మొహం పెట్టుకుని తల్లి దగ్గరికొచ్చింది.

"ఇవ్వాళ పడలేదు. రా."

"అసలు లేవనే లేదుగా," అంది ఎర్మెలిందా. "పడుకున్న కాళ్లకి గీస్తే పడుకునే ఉంటాయమ్మా."

"అయితే నీ మనసులో ఏముందో చెప్పు. దాని కాళ్లు పూర్తిగా పోయేదాకా కుంచె నాక్కుంటూ కూచుంటావా? రెండుసార్లు పడ్డ రోజైనా చాలు నాకు."

"రోజుకి రెండుసార్లు," అంది ఎర్మెలిందా. "బతికున్నన్నాళ్లూ. నేను గియ్యను."

తల్లి నోట ఆ మాట ఓదిలియా ఎప్పుడూ వినలేదు.

నవంబరులో ఆ ఆదివారం వచ్చింది. ఎర్మెలిందా ఎప్పటిలాగే బొమ్మల పెట్టె, మడత బల్ల వీపుకి కట్టుకుని సంతకి బయల్దేరుతుంటే, నేనూ వస్తానని సెనాయిదా మంచం దిగింది. ఓదిలియా కూడా స్టూలు పట్టుకుని వెంట వచ్చింది. నూట పన్నెండు మెట్లూ పిల్ల పక్కకి ఒరక్కుండా దిగింది. బస్సుల షెడ్డు వెనక ఖాళీస్థలంలో సంత అప్పుడే నిండుతోంది. సెనాయిదా ప్రతి బల్ల దగ్గరా ఆగింది. మొక్కజొన్న పిండితో ఉడికించే తమాలెల గంగాళం ముందు ఆగి ఆవిరి పీల్చింది. కళ్లజోళ్లాయన ముందు ఒకటి పెట్టుకుని చూసి తీసేసింది. నా బల్ల దగ్గర గుండీల డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి కలియబెట్టి, "మీ దగ్గర అన్నీ నాలుగు చిల్లులవే పిన్నీ, రెండు చిల్లులవి ఎవరు తినేశారు?" అంది. తర్వాత, ఎనిమిదింటికి, వెళ్లి అమ్మమ్మ వేసిన స్టూలుమీద కూచుంది. పన్నెండింటిదాకా బొమ్మలకు దుమ్ము తుడిచింది. ఆ పూట ఎర్మెలిందా మూడు బేరాలు పోగొట్టుకుంది, అడిగినవాళ్ల మొహం చూడకుండా పిల్ల కాళ్లకేసే చూస్తూ. మాకేం తెలుసు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాం.

రెండుచోట్ల ఆగి మెట్లెక్కి ఇంటికి చేరేసరికి రెండు దాటింది. పడలేదు. ఓదిలియా మడత బల్లని వాకిట్లో ఎండలో వేసింది. సెనాయిదా లంగా నడుందాకా ఎత్తి పట్టుకుని దానిమీద నిలబడింది, అమ్మకానికి పెట్టిన బొమ్మలా.

"చక్కిలిగింతలవుతున్నాయి అమ్మమ్మా."

"నవ్వావంటే గీత వంకరపోతుంది. పన్ను సంగతి ఆలోచించు."

మడమ దగ్గర మొదలైన గీత పిక్క మీదుగా, మోకాలి మడత మీదుగా పైకి పోయింది. గీత దాటిన చోటల్లా ఆ కాలు కొట్లో వస్తువులా కుదురుకుంది. రెండేళ్లుగా ఒక్క క్షణం ఆగని మోకాలి వణుకు, దీపం ఆర్పినట్టు ఆగిపోయింది. నేలమీద పిల్ల నీడ పైసగం ఎప్పటిలా చెదిరి ఉంది, కిందిసగం కత్తెరతో కోసినట్టు పడింది. నడుం చుట్టూ తిరిగి రెండో మడమ దాకా దిగి, మళ్లీ పాదాల మీదుగా వచ్చి గీత కలిసినప్పుడు ఎర్మెలిందా ఊపిరి వదిలింది.

సెనాయిదా బల్లమీంచి కిందికి గెంతింది. ఓదిలియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పిల్ల నిటారుగా నిలబడే ఉంది.

"ఎలా ఉంది?" అనడిగింది ఎర్మెలిందా.

"కొత్త మేజోళ్లేసుకున్నట్టుంది." పిల్ల కిందికి చూసుకుంది. "ఇవి నన్ను అడగట్లేదు అమ్మమ్మా. వాటంతటవే నిలబడ్డాయి."

నిద్రపోయేదాకా రోజు అయిపోయినట్టు కాదు, ఈలోపు పడితే అదీ రోజూ వస్తుంది కాబట్టి పొద్దు వాలకముందే పిల్లని మంచమెక్కించారు. ఓదిలియా చాలారోజుల తర్వాత కూనిరాగం తీస్తూ బీన్సు ఏరుతోంది. ఏరుతూ ఏరుతూ ఆగిపోయింది.

"అమ్మా, రేపు సోమవారం."

ఎర్మెలిందా కుంచె కడుగుతూ ఆగింది. ఏడు వారాలు పడకుండా ఉండే రోజు కోసం చూశారు గాని, అది ఆదివారమైతే ఏమవుతుందో ఇద్దరికీ తట్టలేదు. ఆ కాళ్లు రేపు బడికి వెళ్లవు. ఎల్లుండీ వెళ్లవు. సంతలేని సంతకి వెళ్లి, బల్లలేని చోట ఆగుతూ తిరుగుతాయి. ఎనిమిదింటికి స్టూలు ఉందో లేదో చూసుకోకుండా కూచుంటాయి.

మర్నాడు పొద్దున ఆరున్నరకి కాళ్లు మంచం దిగాయి. వాటి పైన సెనాయిదా ఇంకా ఆవలిస్తూనే ఉంది. ఎర్మెలిందా అప్పటికే చెప్పులేసుకుని, పెట్టె, బల్ల వీపుకి కట్టుకుని, స్టూలు చంకన పెట్టుకుని గుమ్మంలో ఉంది. ఓదిలియా ఆ రోజూ ఫ్యాక్టరీ మానేసి, బడి సంచి తీసుకుని వెనక నడిచింది. షెడ్డు వెనక స్థలంలో రెండు కుక్కలూ, గాలికి దొర్లే సంచులూ తప్ప ఏమీ లేవు. కాళ్లు తమాలెల గంగాళం ఉండే చోట ఆగాయి. అక్కడ నిలబడ్డందుకు ఏదో ఒకటి అనాలి కాబట్టి, ఎవరూ లేని చోటుకి సెనాయిదా మెల్లగా నమస్కారం చెప్పింది. కాళ్లు కళ్లజోళ్ల దగ్గరికి కదిలాయి. ఎప్పుడూ వడివడిగా నడవని ఎర్మెలిందా వాటిని దాటి పరిగెత్తింది. దుమ్ములో వంగి, నిన్నటి స్టూలు కోళ్లు దిగిన నాలుగు గుంటలు వేళ్లతో తడిమి వెతికింది. స్టూలు కోళ్లు ఆ గుంటల్లో దింపి, కదలకుండా రెండు చేతులతో అదిమిపట్టి, మోకాళ్లమీద కూచుంది. కాళ్లు వచ్చాయి. అటు తిరిగాయి. వంగాయి.

స్టూలు అక్కడుంది.