ఫ్రిజ్జులో అడవి

ఫ్రిజ్జుల మెకానిక్ ఇంటికి పాత ఫ్రిజ్జు రావడం వింతేమీ కాదు. వాకిట్లో కంప్రెసర్లు, మెట్ల కింద రాగి గొట్టాల చుట్టలు, మంచాల కింద తలుపుల రబ్బర్లు ఉండే ఇల్లు అది. ఆ ఇంటి ఇల్లాలు వాటి మధ్యనే కాపురం చేసి, వాటి మధ్యనే కొడుకును పెంచి, తిట్టీ తిట్టీ నోరు నొప్పి పుట్టి ఎప్పుడో ఊరుకుంది. అయినా ఆ రోజు నలుగురు మనుషులు మంచమంత పొడవున్న అద్దాల ఫ్రిజ్జును మోసుకొచ్చి తిన్నగా కోడలు పడుకున్న గదిలోకి తీసుకెళ్తుంటే ఆవిడ ముక్కున వేలేసుకుంది.

ఒకప్పుడు బేకరీలో కేకులు పెట్టిన ఫ్రిజ్జు అది. లోపలి యంత్రం పాడైపోతే యజమాని కొత్తది కొనుక్కుని, దీన్ని అడ్డం తీసేస్తే అదే పదివేలు అన్నాడు. మెకానిక్ పెద్దాయన మారుమాట్లాడకుండా తెచ్చేసుకున్నాడు. ఎందుకని భార్య అడిగితే, కోడలమ్మాయికి చూసుకోవడానికి ఒక అడవి కడతానని చెప్పాడు. ఆవిడ ఆయన నుదుటి మీద చెయ్యి వేసి, జ్వరం లేదని తేల్చుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

కోడలికి అప్పుడు ఐదో నెల. కిందటిసారి సరిగ్గా ఇదే నెలలో బిడ్డ దక్కలేదు. అందుకని ఈసారి డాక్టరమ్మ ముందే గర్భసంచి మూతికి కుట్లు వేసి, ఈ బిడ్డ నిలవాలంటే కాన్పు అయ్యేదాకా మంచం దిగకూడదని చెప్పింది. వీలైనంత సేపు ఎడమ పక్కకు తిరిగి పడుకోమంది. ఎడమ పక్కకు తిరిగితే ఎదురుగా ఉన్నది ఖాళీ గోడ. పెళ్లికి ముందూ తర్వాతా కొరియర్ ఆఫీసులో పనిచేస్తూ, స్కూటరు మీద పార్శిళ్లు వేసుకుని ఊళ్లోని సందుగొందులన్నీ తిరిగిన పిల్ల ఇప్పుడు పొద్దస్తమానం ఆ గోడనే చూస్తూ పడుకునేది. మొగుడు దూరం వెళ్లే బస్సుల డ్రైవరు. ఇంట్లో ఉన్నది తక్కువ, రోడ్డు మీద ఉన్నది ఎక్కువ.

అత్తగారు కోడల్ని కంటికి రెప్పలా చూసుకునేది. దుమ్ము వస్తుందని కిటికీ మూసేసింది. గోల వద్దని టీవీ తీసి అటక మీద పెట్టించింది. పరామర్శకు వచ్చినవాళ్లను గుమ్మంలోనే మర్యాదగా సాగనంపేది. ఇంట్లో చీమ చిటుక్కుమన్నా ఊరుకునేది కాదు. ఇక బిడ్డ ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు. పోయిన బిడ్డ సంగతి సరే, రాబోయే బిడ్డ గురించి కూడా ఎవరూ నోరు మెదపరు. ఎత్తితే ఏమవుతుందోనని అందరికీ లోపల్లోపల భయం. అందరికంటే ఎక్కువ భయం కోడలికే.

పెద్దాయనకు ఆ గోడ మీద కోపం వచ్చింది. కోపం వస్తే ఆయన చెయ్యి ఊరుకోదు. అద్దాల పెట్టెలో నీళ్లూ మొక్కలూ రాళ్లూ పెట్టి చిన్న అడవిలా పెంచడం ఆయన ఒక పెద్ద హోటల్లో ఏసీ బాగుచేయడానికి వెళ్లినప్పుడు చూశాడు. అలాంటిది కావాలని దుకాణంలో అడిగితే చెప్పిన ధరకు కళ్లు తిరిగాయి. పోనీలే, డబ్బు లేకపోతేనేం, ఇంటినిండా సామాను ఉందిగదా అనుకుని వెనక్కి వచ్చేశాడు.

గది నిండా పని పరుచుకుంది. పెద్దాయన లోపలి దీపాలు మాత్రం ఉంచి, ఫ్రిజ్జు యంత్రమంతా ఊడదీశాడు. కొత్త ఫ్రిజ్జుల అట్టపెట్టెల్లో వచ్చే థర్మోకోల్ ముక్కల్ని అతికించి, వేడి తీగతో కోసి కొండచరియలు చేశాడు. కోత పని, ఘాటు వాసన వచ్చే పని డాబా మీద, తడిపని గదిలో. చరియల మీద సిమెంటు పాలు పూసి, సిమెంటు ఘాటు పోయేదాకా రోజూ కడిగి ఆరబెట్టాడు. అడుగున బొగ్గులూ కంకరా పోసి, మీద దోమల మెష్ పరిచి, దాని మీద కొబ్బరిపొట్టు కలిపిన మట్టి వేశాడు. రోడ్డు వెడల్పు చేస్తూ కొట్టేసిన చెట్టు మొదట్లోంచి ఒక వంకర వేరు తెచ్చి మధ్యలో నిలబెట్టాడు. మేడ మీది నీళ్ల ట్యాంకు చుట్టూ పేరుకున్న నాచును అట్ల పుల్లతో గీకి తెచ్చాడు. అట్ల పుల్ల ఏమైందని భార్య మూడు గదులూ వెతికింది. పక్కింటి మురుగుగొట్టం పగుల్లో మొలిచిన, ఈకల్లాంటి ఆకులున్న ఫెర్న్ మొక్కల్ని ఆ ఇంటివాళ్లను అడిగి మరీ పీక్కొచ్చాడు. కూలరు పంపు ఒకటి నీళ్లలో దింపితే చరియ మీది నుంచి సన్నటి ధార జారడం మొదలైంది.

కోడలు అదంతా చూస్తూ ఉంది.

చివరగా తలుపులు. ఇక్కడ పెద్దాయన తన పనితనమంతా చూపించాడు. ఆయన వృత్తిలో తేమే పగవాడు. ఎక్కడ గాలి దూరితే అక్కడ తేమ దూరుతుంది, తేమ దూరిన చోట ఫ్రిజ్జు పని అయిపోతుంది. అందుకే ఏ ఇంట్లో ఫ్రిజ్జు బాగుచేసినా చివర్లో తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి, లాగి చూసేవాడు. కాగితం జారి వచ్చిందా, రబ్బరు మార్చాల్సిందే. ఈ అడవి తలుపులకూ కొత్త రబ్బర్లు వేసి, నాలుగు మూలలా కాగితం పెట్టి లాగాడు. ఎక్కడా ఇసుమంత కూడా కదల్లేదు. ఆయన మీసం దువ్వుకుని, ఇక దీనికి తిరుగులేదని ప్రకటించాడు.

తర్వాతి రోజులు ఆ ఇంట్లో కలలాగే గడిచాయి. పొద్దున దీపాలు వేయగానే అద్దం మీద ఆవిరి తెరలా ఉండేది. పొద్దెక్కేకొద్దీ ఆ తెర కాస్త కాస్త తొలగి ముందు వేరు కనిపించేది, తర్వాత నాచు, ఆ తర్వాత ఎక్కడో లోపల్నుంచి మెరుస్తూ నీటిధార. కోడలు చెంప కింద చెయ్యి పెట్టుకుని చూసేది. పెద్దాయన పని నుంచి రాగానే స్టూలు వేసుకుని మంచం పక్కన కూర్చునేవాడు. ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు. నీటి చప్పుడు వింటూ ఆయన కునికేవాడు. ఆ కునుకులో తాను చీమంత మనిషై, ఫెర్న్ ఆకుల నీడలో పనిముట్ల సంచీ భుజాన వేసుకుని ఎవరింటికో నడిచి వెళ్తుండేవాడు. ఎంత నడిచినా ఆ ఇల్లు వచ్చేది కాదు, అయినా హాయిగా ఉండేది.

తర్వాత బూజు వచ్చింది. మొదట వేరు మీద తెల్లటి దూది పింజలా కనిపించి, చూస్తుండగానే నాచంతా కమ్మేసింది. ఫెర్న్ ఆకులు మొదళ్ల దగ్గర నల్లబడి మెత్తగా వాలిపోయాయి. తలుపు తెరిస్తే గుప్పున కుళ్లు వాసన. కోడలు నిద్ర లేచే లోపల కుళ్లిన ఆకులు ఏరేద్దామని పెద్దాయన ఒకరోజు పెందలాడే గదిలోకి వెళ్లాడు. ఆమె అప్పటికే అడవికి వీపు పెట్టి, కుడి పక్కకు తిరిగి పడుకుని ఉంది.

డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తు చేద్దామని ఆయన నోరు తెరిచాడు. ఆమే ముందు మాట్లాడింది.

"ఇది కూడా నిలవలేదు మామయ్యగారూ."

ఆ "కూడా" ఆయన గుండెలో గుచ్చుకుంది. ఇంతకాలం ఆ ఇంట్లో ఎవరూ తాకనిదాన్ని ఆ పిల్ల ఒక్కతే మోస్తోందని అప్పుడు తెలిసింది. తోచిందల్లా తన వృత్తికి సంబంధించిన నిజం ఒక్కటే. అదే చెప్పాడు.

"తప్పు మొక్కల్లో లేదమ్మా. మట్టీ మంచిదే, నీళ్లూ మంచివే. నేనే గాలి ఆడకుండా బిగించేశాను. నాకు మూయడం తప్ప ఇంకేం వచ్చు? ఫ్రిజ్జు అనుకున్నానే గానీ, లోపల ప్రాణం ఉందనుకోలేదు."

ఆమె మెల్లగా ఇటు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నన్నూ అలాగే మూసి పెట్టారు మామయ్యగారూ. ఎవరూ ఏమీ మాట్లాడరు. ఆ బిడ్డ గురించి అడగరు, ఈ బిడ్డ గురించి అడగరు. నాకు లోపలే కుళ్లిపోతున్నట్టుంది."

పెద్దాయన లేచి వెళ్లి కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచాడు. గడియ బిగుసుకుపోయి ఉంటే గుప్పిటతో గుద్దాడు. ఆ చప్పుడుకు ఇల్లాలు పరుగెత్తుకొచ్చి, దుమ్ము, ఎండ, గోల అంటూ ఒంటికాలి మీద లేచింది. కోడలు అన్న మాట అన్నట్టుగా భార్య చెవిన వేశాడు. ఆవిడ కొంగు నలుపుకుంటూ వెళ్లి మంచం అంచున కూర్చుంది.

"నీ ముందు ఏడవకూడదని వంటింట్లో ఏడ్చేదాన్నే," అంది. "నాకు ఆ పసిదాని చేతులు ఇప్పటికీ కళ్లముందే ఉన్నాయి."

అత్తాకోడళ్లిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఏడ్చారు. పెద్దాయన కిటికీ దగ్గర నిలబడి వీధిని చూస్తూ, తలుపు రబ్బరు ఎక్కడెక్కడ కోయాలో ఆలోచించాడు. ఏడుపు వచ్చినప్పుడు ఆయనకు తెలిసిన ఉపాయం అదొక్కటే.

రెండోసారి కట్టడంలో కోడలే మేస్త్రీ అయింది. పెద్దాయన తలుపుల కింద రబ్బరు కోసి సందులు వదిలాడు. పైభాగంలో చిల్లులు పెట్టి మెష్ బిగించాడు. పాత కంప్యూటరు ఫ్యాను ఒకటి అమర్చి, అద్దం మీద ఆవిరి నిలవకుండా చేశాడు. కుళ్లిన మట్టి తీసి కొత్తది పోశాడు. ఏ మొక్క ఎక్కడ పెట్టాలో మాత్రం మంచం మీది నుంచే ఆజ్ఞలు వచ్చేవి. వీధులు తిరిగిన పిల్ల గదా, ఆమెకు మొక్కలకంటే దారులు ముఖ్యం. వేరు కింద నుంచి ఒక సందు పోవాలంది. అది ధార దగ్గర మలుపు తిరగాలంది. కొండ ఎక్కే చోట రాళ్లు మరీ నిలువుగా ఉన్నాయి, స్కూటరు ఎక్కదు, తీసి మళ్లీ పేర్చమంది. ఆయన తల ప్రాణం తోకకొచ్చింది గానీ, పేర్చాడు.

ఇక మధ్యాహ్నాలు ఆమె ఆ దారుల్లో బయల్దేరేది. కళ్లు సగం మూసుకుని, ఇవాళ ధార అవతలి ఇంటికి పార్శిల్ ఉందని మామగారికి చెప్పేది. ఆ ఇంటాయన ఎప్పుడూ నిద్రలోనే ఉంటాడు, తలుపు కొట్టీ కొట్టీ చెయ్యి పడిపోతుంది. పైన ఆకులు ఎంత దగ్గరగా ఉన్నాయంటే ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది. నాచు మీద చక్రాలకు చప్పుడే ఉండదు. ఆయన స్టూలు మీద కూర్చుని ఊ కొట్టేవాడు. కొట్టీ కొట్టీ తానూ ఆ దారిన పడేవాడు. ఒక్కోసారి ఎవరు చెబుతున్నారో, ఎవరు వింటున్నారో, వాళ్లిద్దరూ గదిలో ఉన్నారో ఆకుల కింద ఉన్నారో తెలిసేది కాదు. పార్శిల్లో ఏముందని ఆయన ఒకరోజు అడిగాడు. ఇంకా విప్పి చూడలేదంది.

కిటికీలోంచి వీధి లోపలికి వచ్చింది. ఎదురింటావిడ అక్కడే నిలబడి తన కాన్పు కథ పొల్లుపోకుండా చెప్పింది. కొడుకు రూటు నుంచి వచ్చినప్పుడల్లా ఒక కొత్త గులకరాయి తెచ్చి దారి పక్కన పెట్టి, పెళ్లాం పొట్ట మీద చెవి ఆనించి వినడం మొదలుపెట్టాడు. బాత్రూములో దూరిన చిన్న కప్పను అత్తగారు చీపురుతో తరిమీ తరిమీ, చివరికి విసిగి చేటలో పట్టి తెచ్చి తనే ఆ పెట్టెలో వదిలింది. దీపానికి చేరిన పురుగుల్ని తింటూ అది లోపల ఆకు మీద కూర్చుని గొంతు ఉబ్బించేది. బయట వాన మొదలైతే మాత్రం బెకబెకలాడేది. ఆ చప్పుడుకు కడుపులో బిడ్డ కదులుతోందని కోడలు పైకే చెప్పింది. అత్తగారు చెయ్యి పెట్టి చూసి, అవునంటూ నవ్వింది.

ఐదో నెల దాటింది. ఆరూ దాటింది. ఫెర్న్ ఆకులు చుట్టలు విప్పుకుని అద్దానికి ఆనాయి. ఏడో నెల దాటాక పరీక్ష చేసిన డాక్టరమ్మ, ఇప్పుడు పుట్టినా బిడ్డకు ఫరవాలేదని చెప్పింది.

ఆ మాట విని వచ్చిన మర్నాడు పెద్దాయన తలుపు తెరిచి ఎండుటాకులు ఏరుతున్నాడు. కోడలు గదిని ఆ మూల నుంచి ఈ మూలకు చాలాసేపు పరకాయించి చూసింది.

"మామయ్యగారూ, దీన్ని కాస్త అటు జరపగలరా?"

ఎందుకమ్మా అన్నాడాయన, తల లోపలే ఉంచి.

"ఉయ్యాలకు చోటు చాలదు."

ఆయన చేతిలోని ఆకులు మట్టిలోనే పడిపోయాయి. తల బయటికి తీసి ఆమెను చూశాడు. ఆమె నవ్వడం లేదు. భయమూ అలాగే ఉంది కళ్లల్లో. అయినా అడిగింది. కంకర, మట్టి, నీళ్లు, సిమెంటు చరియలు అన్నీ కలిసిన బరువుకు పెట్టె నేలకు పాతుకుపోయిందని, పది మంది వచ్చినా కదలదని, కట్టేటప్పుడు ఆ ఆలోచన తనకు రాలేదని ఒప్పుకున్నాడు. జరిపితే మంచమే జరపాలన్నాడు.

"అయితే మంచం తీసేయండి," అంది కోడలు. "బిడ్డ వచ్చాక నేను ఇంకా పడుకునే ఉంటానా ఏమిటి?"

పెద్దాయన జేబులోంచి టేపు తీశాడు. మంచానికీ గోడకూ మధ్య రెండుసార్లు కొలిచి, మళ్లీ మొదటి నుంచి కొలిచాడు. ఉయ్యాల కిటికీకి మరీ దగ్గరగా వద్దని, ఊగడానికి రెండు వైపులా చోటు వదలమని వంటింట్లోంచి ఇల్లాలు వీధంతా వినబడేలా అరుస్తోంది.