వీరలక్ష్మి చెప్పిన ముగింపు

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మణికొండ ఫ్లాటులో పాత సినిమాల వేళ. కోడలు నీహారిక లోపలి గదిలో హెడ్‌సెట్ తగిలించుకుని ఆఫీసు పని చేసుకుంటుంది కాబట్టి టీవీ సౌండు తగ్గించి పెడతాను. ఎదురు ఫ్లాటు లింగమూర్తి గారు వచ్చి నా పక్కన కూర్చుంటారు. ఈ అపార్టుమెంటు లేచింది వాళ్ల పొలంలోనే. సినిమా సగంలో ఉండగానే ముగింపు చెప్పేయడం ఆయన అలవాటు.

మొన్న పేర్లు పడుతుండగానే గుర్తుపట్టాను. నేనూ, మా ఆవిడ వీరలక్ష్మీ రాజమండ్రిలో చూసిన సినిమా.

"ఇది నేను సూసిన సార్. ఆఖరికి ఏమైతదంటే..."

"వద్దండీ. ఈ ఒక్కదానికి మాత్రం చెప్పకండి."

"ఏంది సార్, సినిమాకు గింత ఫికరా?"

ఫికరే. పెళ్లయిన కొత్తలో నిడదవోలులో ఉండేవాళ్లం. మ్యాట్నీకి రాజమండ్రి వెళ్తే, పాసింజరు బండి అందాలంటే సినిమా అయ్యేలోగా లేవాలి. అలా మేం చూసిన ఏ సినిమాకీ ముగింపు చూడలేదు. బండి గోదావరి వంతెన ఎక్కగానే వీరలక్ష్మి తనే ఒక ముగింపు చెప్పేది. నేను ఒప్పుకునేవాణ్ణి కాదు. ఇల్లు చేరేదాకా వాదులాటే. ఆమె పోయి మూడేళ్లయింది. ఇప్పుడు అసలు ముగింపు చూస్తే ఆమె చెప్పింది చెరిగిపోతుందేమోనని నా భయం. అలాగని టీవీ కట్టేయడానికీ చేతులు రాలేదు. ఇద్దరం కలిసి చూసిన సినిమా కదా.

భార్యను వదిలి వెళ్లిన కథానాయకుడు వానలో తిరిగొచ్చి తలుపు తట్టాడు. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. కాళ్లు సోఫా కింద చెప్పుల కోసం వెతుకుతున్నాయి.

"ఏడికి సార్? రైలేమన్న పోతున్నదా?"

"రైలేనండీ," అన్నాను.

అదృష్టం, అప్పుడే ప్రకటనలు మొదలయ్యాయి. అంతా చెప్పాను. ఆయన నవ్వలేదు.

"జర కూసోండి. ముందుగాల అక్క ఏం జెప్పిందో చెప్పుండ్రి. తర్వాత టీవీ సంగతి సూద్దాం."

"ఆ భార్య తలుపు తీయదు. కిటికీలోంచి అన్నం గిన్నె అందిస్తుంది. 'తడిసి వచ్చారు, తినండి. తలుపు సంగతి రేపు చూద్దాం' అంటుంది. మర్నాడూ తీయదు. పది రోజులు అరుగు మీదే భోజనం."

"పది దినాలా!" లింగమూర్తి గారు ఇల్లు అదిరేలా నవ్వారు. నీహారిక తలుపు సందులోంచి తొంగిచూసి, "మామయ్యగారూ, మీటింగ్!" అని గుసగుసగా అంటూ తనూ నవ్వింది.

సినిమా మళ్లీ మొదలైంది. కథానాయిక పరుగున వచ్చి తలుపు తీసింది. అతని కాళ్ల మీద పడింది. అంతే, అయిపోయింది.

లింగమూర్తి గారు పెదవి విరిచారు. "గింత జల్దీ తీసిందా?"

"మీరు చూసిందేగా?"

"అప్పుడు మంచిగనే అనిపించింది సార్. ఇప్పుడేమో కిటికీ దిక్కే సూస్తున్న, గిన్నె ఎప్పుడొస్తదా అని."

సాయంత్రం నడకకు బయల్దేరితే ఎదురింటి తలుపు తెరిచే ఉంది. లోపల లింగమూర్తి గారు భార్య బాలమ్మకు సినిమా కథ చెబుతున్నారు.

"ఇగ ఆమె తలుపు తియ్యనే తియ్యలే. కిటికీలకెల్లి గిన్నెల బువ్వ ఇచ్చింది."

"మంచిగ జేసింది. నేనైతే బువ్వ గూడ పెట్టకపోదును," అంది బాలమ్మ.

చెప్పులు వేసుకుంటున్నట్టుగా అక్కడే ఇంకాసేపు నిలబడ్డాను.