గోవిందయ్య మామ ఎక్కించిన కొండ

ధనశేఖర్ కొండెక్కుతాడని తెలిసిన రోజు బంగారుపాళ్యంలో నవ్వనివాడు లేడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు అతను. ఆఫీసు మేడ మీద ఉందని, సంతకాల కాగితాలన్నీ కిందికే తెప్పించుకునే మనిషి. పొట్ట ముందు నడుస్తుంది, వెనకాల తను నడుస్తాడు.

ఇదంతా నర్సు స్టెల్లా చేసిన పని. కిడ్నీ జబ్బువాళ్లు పల్లెల నుంచి చిత్తూరుకు డయాలసిస్ కోసం బస్సుల్లో నిలబడి పోతున్నారు. వాళ్లకొక వ్యాను కొనాలని ఆమె పట్టుబట్టి, గద్దలకొండ ఎక్కడానికి మనుషుల్ని పోగుచేసింది. ఎక్కేవాళ్ల పేరు మీద చుట్టపక్కాలు చందా ఒప్పుకోవాలి. కొన చేరితేనే డబ్బు. మధ్యలో కూలబడితే పైసా రాదు.

ధనశేఖర్ పేరు మీద చందాలు కురిశాయి. ఎలాగూ ఇవ్వనక్కర్లేని డబ్బుకు అందరూ దానకర్ణులే. వాళ్లలో మొదటివాడు గోవిందయ్య. ధనశేఖర్ భార్య లోకేశ్వరికి మేనమామ, మామిడి మండీ ఓనరు. కాఫీ తాగాక గ్లాసు కడిగి ఆ నీళ్లు కూడా తాగే రకం. ఒక పెళ్లి భోజనాల్లో అందరి ముందూ మీసం తిప్పాడు.

"మా అల్లుడు ఆ కొండెక్కితే లచ్చ రూపాయలిస్తా. రాసుకోమ్మా!"

స్టెల్లా రాసుకోలేదు. ఫోన్‌లో వీడియో తీసుకుంది.

ధనశేఖర్ మాత్రం నవ్వలేదు. వాళ్ల నాయన చివరి ఏడాదంతా ఆ బస్సుల్లోనే తిరిగాడు.

ఆదివారం పొద్దున కొండ కిందికి గోవిందయ్య కూడా క్యారియర్ పట్టుకుని వచ్చాడు.

"నువ్వెందుకు మామా?"

"నీకు తోడు వొద్దా? దోవలో ఆకలైతే ఎట్ల?"

నడక మొదలైంది. తిరుమల అలవాటు కొద్దీ జనం "గోవిందా! గోవిందా!" అని అరుస్తున్నారు. ఆ మాట వినబడినప్పుడల్లా గోవిందయ్య జేబు తడుముకున్నాడు.

మొదటి మలుపులోనే క్యారియర్ తెరిచాడు. మటన్ బిర్యానీ.

"బాగా తిని ఈ బండ మీద రవ్వంత కునుకు తియ్యి అల్లుడా. కొండ యాడికి పోతాది?"

ధనశేఖర్ బొమికలతో సహా ఖాళీ చేసి, గట్టిగా త్రేన్చి, లేచాడు. "బలమొచ్చింది మామా, పోదాం పా."

సగం దూరం పోయేసరికి ఆ బలం కరిగిపోయింది. ఊపిరి ఈల వేసింది. స్టెల్లా నీళ్ల బాటిల్ ఇచ్చి పక్కన కూర్చుంది.

"ఇంక చాలు అన్నా. దిగేద్దాం. నీ పానం కంటే వ్యాను ఎక్కువా?"

గోవిందయ్య మొహం వెలిగిపోయింది. "సదువుకున్న పిల్ల చెప్తా ఉండాది, ఇను నాయనా."

ధనశేఖర్ లేచి నిలబడలేక చేతులు కూడా నేల మీద ఆనించి, ఎలుగుబంటిలా పైకి పాకడం మొదలుపెట్టాడు.

కొన కనబడింది. గోవిందయ్యకు చెమటలు పట్టాయి. ఇక ఆఖరి ఎత్తు వేయక తప్పదనుకుని ఒక పొద చాటుకు పోయి గొంతు చించుకున్నాడు.

"ఏనుగు! ఏనుగొచ్చింది రోయ్!"

ఏ వైపో చెప్పడం మరిచిపోయాడు. మామిడికాయల కాలంలో ఏనుగులు ఎప్పుడూ కింద తోటల్లోనే తిరుగుతాయి. అందుకే జనమంతా ఒక్క పెట్టున పైకి పరిగెత్తారు. అందరికన్నా ముందు ధనశేఖర్! అంతమంది పరిగెత్తుతుంటే చూసి, నిజంగానే వచ్చిందేమోనని గోవిందయ్య కూడా పంచె ఎగ్గట్టాడు.

మామ పైకి చేరేసరికి ధనశేఖర్ వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్లు మూసుకున్నాడు, ఉలుకు లేదు పలుకు లేదు. గోవిందయ్య తువ్వాలుతో విసురుతూ ఏడుపు గొంతుతో అన్నాడు:

"ఒరే అల్లుడా, కండ్లు తెరువురా! లోకేశ్వరికి నేనేం చెప్పేది? అది అబద్ధంరా, ఏనుగూ లేదు గీనుగూ లేదు. లచ్చ పోతే పోనీ, రేపే ఇచ్చేస్తా!"

ధనశేఖర్ కళ్లు తెరవకుండానే అన్నాడు. "ఇంగోతూరి గట్టిగా చెప్పు మామా. స్టెల్లాకు ఇనపల్లా."

"ఇనపడింది లే అన్నా," అంది స్టెల్లా, ఫోన్ పైకెత్తి.

గోవిందయ్య ఇద్దరినీ నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్లు అయిపోయాక అల్లుడి పక్కనే కూలబడి, మిగిలిన నీళ్లు సగం తాగి, సగం అతనికిచ్చాడు.

దిగేటప్పుడు ఇద్దరికీ కాళ్లు లేవలేదు. బండల మీద కూర్చుని జారుతూ దిగారు. ధనశేఖర్ ప్యాంటూ, గోవిందయ్య పంచే ఒకే చోట చిరిగాయి.